నారింజరంగు వైరు

కెనడాలోని సస్కటూన్‌లో దిగి రెండు రోజులు నిండకముందే అన్సెల్మో కనూల్ ఒక అమ్మాయి పరీక్ష పోగొట్టాడు. మంచి ఉద్దేశంతోనే పోగొట్టాడు. అతని బాధంతా అదే.

జనవరి మొదటివారం. మెక్సికోలోని మెరిదా నుంచి ఒక ఏడాది చదువుకని వచ్చాడు. స్తెఫాన్ కొవాల్ అనే పెద్దాయన ఇంట్లో బేస్‌మెంట్ గది అద్దెకు దొరికింది. సోమవారం సాయంత్రం యూనివర్సిటీ నుంచి తిరిగొస్తుంటే, పెరటి గోడకున్న ప్లగ్గు నుంచి ఒక నారింజరంగు వైరు బయలుదేరి, మంచు మీదుగా సాగి, పాత నీలం కారు ముక్కులోకి దూరడం కనిపించింది.

అన్సెల్మో ఆగిపోయాడు. వాళ్ళమ్మ దోన్యా రెమెదియోస్ చిన్నప్పటి నుంచి అతనికి నూరిపోసిన సూత్రం ఒకటే: ఎవరూ వాడని ప్లగ్గు కనబడితే పీకెయ్యాలి. మెరిదాలో పిడుగులు అలాంటివి. ఒక్క వానాకాలంలో రెండు ఫ్రిజ్‌లు, ఒక టీవీ కాలిపోయిన ఇల్లు వాళ్ళది.

ఎవరో పాపం మరిచిపోయారనుకున్నాడు. ప్లగ్గు పీకాడు. వైరును చక్కగా చుట్టి గోడమేకుకు తగిలించాడు. పరాయి ఊళ్ళో మొదటి మంచిపని చేశానన్న తృప్తితో వెళ్ళి పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఏడుంపావుకు పెరట్లోంచి కేక వినిపించింది.

"ఎవరు పీకారు దీన్ని?"

అన్సెల్మో పల్చటి కోటు ఒకటి వేసుకుని పైకి పరుగెత్తాడు. ఇంకా తెల్లవారలేదు. వాకిట్లో దీపం కింద, భుజాన సంచీతో ఒక అమ్మాయి కారు టైరును కాలితో తంతోంది. ఆమె నోట్లోంచి ఊపిరి రైలింజన్ ఆవిరిలా వస్తోంది. కారులోంచి మాత్రం ఏమీ రావడం లేదు.

"కింద దిగిన కొత్త అబ్బాయివి నువ్వేనా?"

"అవునండీ. నా పేరు అన్సెల్మో. మాది మెరిదా..."

"ఈ ప్లగ్గు నువ్వే పీకావా?"

"నేనేనండీ. మీరు మరిచిపోయారేమోనని. చుట్టి మేకుకు తగిలించాను కూడా."

"చుట్టి, మేకుకు తగిలించావు." ఆమె కళ్ళు మూసుకుని తెరిచింది. "రిబ్బను కట్టలేకపోయావా? ముచ్చటగా ఉండేది."

"కోపం వచ్చినట్టుంది మీకు."

"మైనస్ ముప్ఫై ఆరు! రాత్రంతా ప్లగ్గు పెట్టి ఇంజన్‌ను వెచ్చగా ఉంచకపోతే లోపలి నూనె జున్నులా గడ్డకడుతుంది. ఎనిమిదింటికి నాకు ప్రాక్టికల్ పరీక్ష!"

"కానీ ఇది పెట్రోలు కారు కదండీ? దీనికి కరెంటు దేనికి?"

ఆమె అతన్ని పైనుంచి కిందికి చూసింది. "నువ్వేం చదువుతున్నావు?"

అన్సెల్మో గొంతు తగ్గించాడు. "ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్."

"దేవుడా!" అంటూ ఆమె బస్‌స్టాపు వైపు పరుగు అందుకుంది.

అతనూ వెనకే పరుగెత్తాడు. ఎందుకో అతనికే తెలియదు. క్షమాపణ చెప్పాలనుకున్నాడు గానీ ఆ చలిలో నోరు కదలలేదు. వీధి మలుపులో ఆమె వెనక్కి తిరిగి, అతని చెవులు చూసి, తన తలమీది ఊలుటోపీ లాగి అతని మొహాన విసిరింది.

"పెట్టుకో! చెవులు ఊడి కిందపడితే అవి కూడా చుట్టి మేకుకు తగిలిస్తావు!"

బస్సు వచ్చింది. ఆమె ఎక్కేసింది. అన్సెల్మో ఆ టోపీని చెవుల మీదికి లాక్కున్నాడు. అది ఇంకా వెచ్చగా ఉంది. అంత కోపంలో ఉన్న మనిషి ఇచ్చిన వస్తువు అంత వెచ్చగా ఉండడం అతనికి వింతగా తోచింది.

*

ఆ అమ్మాయి పేరు హాల్యా. స్తెఫాన్ తాత మనవరాలు. అమ్మానాన్నలది రెండు గంటల దూరంలో గోధుమపొలం. పశువైద్యం రెండో ఏడు చదువుతూ తాత దగ్గరే పైగదిలో ఉంటోంది. ఆ రోజు పాతిక నిమిషాలు ఆలస్యంగా వెళ్ళింది. బల్లల మీద ఎముకలు పేర్చి, గంట కొట్టగానే ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు కదలాల్సిన పరీక్ష అది. మొదటి గంట కొట్టాక తలుపు తెరవరు. ప్రొఫెసరు దయతలచి ఫిబ్రవరిలో ఇంకో అవకాశం ఇస్తానన్నాడు, ఇరవై మార్కుల కోతతో.

సాయంత్రం స్తెఫాన్ తాత అన్సెల్మోను వంటింట్లో కూర్చోబెట్టి, ఆలుగడ్డ కూరి ఉడికించిన, కజ్జికాయల్లాంటి పెరోగీలు అరడజను పళ్ళెంలో వేశాడు.

"ముందు తిను. తిట్లు తర్వాత."

"దొన్ స్తెఫాన్, నేను..."

"దొన్ ఎవడు? నా పేరు ఉత్త స్తెఫాన్."

"మా ఊళ్ళో పెద్దవాళ్ళని అలాగే పిలుస్తామండీ."

తాతకు ఆ పిలుపు నచ్చింది. మీసం దువ్వుకున్నాడు. "చూడు సెల్మో, ఇక్కడ చలికాలంలో కారు పసిబిడ్డ. రాత్రంతా కరెంటు పాలు తాగితేనే పొద్దున లేస్తుంది. మా ఆవిడ ఉన్నన్నాళ్ళూ నా కారు నేనెప్పుడూ ప్లగ్గు పెట్టుకోలేదు. పొద్దున లేచేసరికి పెట్టే ఉండేది. ఆవిడ పోయిన మొదటి చలికాలం, మూడుసార్లు కారు కదల్లేదు. అప్పటికిగానీ తెలిసిరాలేదు నాకు."

అంతలో హాల్యా లోపలికి వచ్చింది. అన్సెల్మో లేచి నిలబడ్డాడు.

"కూర్చో. నేను జడ్జిని కాదు," అంది ఆమె.

"మీ పరీక్షకు నేను సాయం చేస్తాను."

"పశువుల ఎముకలు నీకేం తెలుసు?"

"ఏమీ తెలియదు. పుస్తకం చూసి ప్రశ్నలు అడగడం మాత్రం వచ్చు. తప్పు చెప్తే నవ్వడం కూడా వచ్చు."

హాల్యా తాత వైపు చూసింది. తాత పెరోగీల మీద మీగడ వేసుకోవడంలో మునిగిపోయినట్టు నటించాడు.

"సరే," అంది. "ముందు ఆ 'మీరు' మానెయ్. మా ఆవులు కూడా నన్ను అంత మర్యాదగా చూడవు."

*

ఆ నెలంతా వంటింటి బల్ల మీద ఎముకలే. ఉప్పుడబ్బా పక్కన గొర్రె దవడ. రొట్టెల బుట్టలో దూడ మోకాలు. అన్సెల్మో ఒక్కొక్కటీ పైకెత్తి అడిగేవాడు.

"ఇదేమిటి?"

"ఆవు ముందరికాలు. ఎడమది."

"తప్పు. కుడిది."

"నువ్వు తలకిందులుగా పట్టుకున్నావు, ఇంజనీరూ."

ఒక ఆదివారం మధ్యాహ్నం పాఠం మధ్యలో హాల్యా హఠాత్తుగా పెన్ను కింద పెట్టింది.

"ఒక సంగతి ముందే చెప్తున్నా. ఏడాది కోసం వచ్చినవాళ్ళ మీద మనసు పెట్టుకోకూడదని నాకో రూలుంది."

అన్సెల్మో చేతిలో గొర్రె దవడ అలాగే ఉండిపోయింది. "నేనేమీ అడగలేదే!"

"అడక్కముందే చెప్పడం మర్యాద. నా ఫ్రెండ్ బ్రోన్యా నార్వే నుంచి వచ్చిన అబ్బాయిని ప్రేమించింది. వాడు ఏడాది కాగానే విమానం ఎక్కి వెళ్ళిపోయాడు. ఇది ఆరు నెలలు ఐస్‌క్రీమ్ తిని బతికింది, అదీ చలికాలంలో. వచ్చేవాళ్ళకి వెళ్ళే తేదీ టికెట్టు మీదే ఉంటుంది, సెల్మో. తెలిసి తెలిసి ఎవరు దిగుతారు?"

"నిజమే." అతను దవడను జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "మంచి రూలు. రాసుకుంటాను."

"రాసుకో."

అతను నిజంగానే ఎముకల జాబితా కింద రాసుకున్నాడు. హాల్యా అది చూసి నవ్వింది. ఆ నవ్వు ఉండాల్సిన దానికన్నా కొంచెం ముందే ఆగిపోయింది.

ఫిబ్రవరి పరీక్షలో ఆమెకు డెబ్భై తొమ్మిది వచ్చింది, కోత పోగా. అంటే ఒక్కటి కూడా తప్పలేదన్నంత పని. వంటింట్లోకి ఎగురుకుంటూ వచ్చి అన్సెల్మో భుజాలు పట్టుకుని ఊపేసింది. తర్వాత రూలు గుర్తొచ్చి చేతులు కోటుజేబుల్లో పెట్టుకుంది.

*

హాల్యాకు మతిమరుపు. చదువులో కాదు, మిగతా అన్నిటిలో. రాత్రి కారు ఆపి ప్లగ్గు పెట్టకుండానే ఇంట్లోకి వచ్చేసేది. అయినా ఆ చలికాలం ఒక్కరోజు కూడా కారు మొండికెయ్యలేదు. తాత పెడుతున్నాడనుకుంది ఆమె. ఆమే పెడుతోందనుకున్నాడు తాత.

మార్చిలో ఒక పొద్దున కొత్తమంచు పడింది. తాత కాఫీ పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి మనవరాలిని పిలిచాడు.

"ఇలా చూడు. ఈ అడుగులెవరివి?"

బేస్‌మెంట్ తలుపు నుంచి కారు దాకా, కారు నుంచి మళ్ళీ తలుపు దాకా బూట్ల గుర్తులు. ఇంకెక్కడికీ కాదు.

మెరిదాలో ఎండ ముదరకముందే పనులు చేసుకునే అలవాటు. అందుకే అన్సెల్మోకు ఐదున్నరకే మెలకువ వస్తుంది. లేవగానే వచ్చి వైరు చూసి వెళ్తున్నాడు. రెండు నెలలుగా.

హాల్యా ఆ గుర్తుల్ని చాలాసేపు చూసింది.

"పరీక్ష పోగొట్టానని ఇంకా బాధపడుతున్నట్టున్నాడు," అంది చివరికి.

"అంతే అయ్యుంటుంది," అన్నాడు తాత. కాఫీ ఇంకో గుక్క తాగాడు. "మీ నాయనమ్మ కూడా నలభై ఏళ్ళు అలాగే బాధపడింది కాబోలు."

*

ఏప్రిల్‌లో నది మీద మంచు పగిలింది. మేలో చెట్లకు ఆకులు ఒక్కసారిగా వచ్చాయి, ఎవరో ఆలస్యమైందని తరిమినట్టు. వైరును ఈసారి హాల్యాయే చుట్టి మేకుకు తగిలించింది.

వేసవిలో ఆమె పక్క ఊళ్ళో పశువుల ఆసుపత్రిలో పనికి వెళ్ళేది. అతను రెండు వేసవి కోర్సులు తీసుకున్నాడు. సాయంత్రాలు ముగ్గురూ పేకాట ఆడేవాళ్ళు. తాత ఇద్దరినీ ఓడించి, మీ ధ్యాస ఆట మీద లేదు అని తిట్టేవాడు.

జూన్ చివర ఒక మధ్యాహ్నం ఆకాశం ఆకుపచ్చగా మారింది. ఉరుము ఉరిమింది. హాల్యా ఆసుపత్రి నుంచి తడిసి ముద్దయి ఇంటికి వచ్చేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గడియారం చప్పుడు లేదు, రేడియో మోత లేదు. తాత చర్చి వంటసాలకు వెళ్ళాడు. అన్సెల్మో హాలు మధ్యలో గెలిచినవాడిలా నిలబడి ఉన్నాడు.

"భయపడకు. అన్నీ పీకేశాను."

"అన్నీ అంటే?"

"టీవీ, రేడియో, కింద పెద్ద తెల్లపెట్టె..."

"ఫ్రీజరా? ఎప్పుడు?"

"ఉరుము వినపడగానే. పొద్దున తొమ్మిదింటికి."

"అప్పుడు ఉరిమిందా?"

"దూరంగా. చాలా దూరంగా."

ఇద్దరూ కిందికి పరుగెత్తారు. తాత చలికాలమంతా కూర్చుని చేసుకున్న నాలుగువందల పెరోగీలు అందులో ఉన్నాయి. మూత తెరిస్తే అన్నీ మెత్తబడి ఒకదాన్నొకటి కావలించుకుని ఉన్నాయి.

"నీకు ప్లగ్గు కనబడితే చెయ్యి ఊరుకోదా?"

"మా అమ్మ అలా పెంచింది."

"మీ అమ్మని ఒకసారి చూడాలి నేను. తిట్టడానికే!"

ఆ సాయంత్రం వీధిలో పదకొండు ఇళ్ళవాళ్ళు స్తెఫాన్ తాత వాకిట్లో పెరోగీలు తిన్నారు. తాతకు కోపం రాలేదు. ఆవిడ పోయాక ఇంటిముందు ఇంతమంది చేరడం ఇదే మొదటిసారి అన్నాడు. చిరుజల్లు ఇంకా పడుతోంది. ఎవరూ లేవలేదు.

అందరూ వెళ్ళాక హాల్యా, అన్సెల్మో వెనకమెట్ల మీద పళ్ళేలు పెట్టుకుని కూర్చున్నారు. చూరు నుంచి నీళ్ళు వాళ్ళ కాళ్ళకు అంగుళం ముందు పడుతున్నాయి.

"మెరిదాలో వాన ఎలా ఉంటుంది?" అడిగింది హాల్యా.

"ఇలా కాదు. తలుపు తట్టదు, తోసుకుని వస్తుంది. వేడిగా ఉంటుంది. వీధిలో పిల్లలు చొక్కాలు విప్పి తడుస్తారు. నీకు నచ్చుతుంది."

"నేను చూడబోతున్నట్టు చెప్తున్నావే!"

"చూడొచ్చు కదా."

ఆమె తిరిగి అతని వైపు చూసింది. వానచుక్క ఒకటి ఆమె కనుబొమ్మ మీద నిలిచి ఉంది. అన్సెల్మో వేలు దాన్ని తుడవడానికి లేచింది. సగం దూరంలో ఆగింది.

"రూలు," అన్నాడు మెల్లగా.

"అవును," అంది హాల్యా. "రూలు."

కనుబొమ్మ తనే తుడుచుకుంది. పళ్ళేలు తీసుకుని లోపలికి వెళ్ళి అవసరానికి మించి చప్పుడు చేస్తూ కడిగింది.

*

రోజులు ఆగలేదు. అక్టోబరులో మేకు మీంచి వైరు దిగింది. నవంబరులో అడుగుల గుర్తులు మళ్ళీ వచ్చాయి. డిసెంబరు పంతొమ్మిది ఉదయం పదిన్నరకు అన్సెల్మో విమానం. మెరిదాలో చదువు ఇంకో ఏడాది ఉంది. ఈ విమానం తప్పితే పండగల రద్దీలో ఇంకోటి జనవరి దాకా దొరకదని ఏజెంటు మరీ మరీ చెప్పాడు.

ముందురోజు భోజనాల దగ్గర ముగ్గురూ వాతావరణం గురించే మాట్లాడుకున్నారు. మైనస్ ముప్ఫై ఎనిమిది అవుతుందట. గాలి కూడా ఉందట. మాటలు అయిపోతే మళ్ళీ అదే చెప్పుకున్నారు.

"పొద్దున ఎనిమిదింటికి బయలుదేరదాం," అంది హాల్యా. "నేను దింపుతాను."

"టాక్సీ పిలుస్తాను. చలిలో నీకెందుకు శ్రమ?"

"ఏడాదంతా నా కారుకి నువ్వు పాలు పట్టావు. ఒకరోజు అది నిన్ను మోస్తే అరిగిపోదు."

భోజనమయ్యాక చెత్త పడేసి వస్తానని ఆమె చెప్పులతోనే పెరట్లోకి వెళ్ళింది. వచ్చేసరికి ముక్కు ఎర్రగా ఉంది. చలి వల్ల అంది. ఎవరూ అడగలేదు.

పొద్దున ఎనిమిదికి అన్సెల్మో పెట్టె డిక్కీలో పెట్టాడు. తాతను కావలించుకున్నాడు. తాత వీపు మీద రెండు దెబ్బలు వేసి, "పేకాట నేర్చుకుని రా," అన్నాడు.

హాల్యా కారులో కూర్చుంది. తాళం తిప్పే ముందు ఒక్క క్షణం ఆగింది. తర్వాత తిప్పింది.

కారు ఒక్క దెబ్బకే లేచింది. వేసవిలో కూడా అంత హుషారుగా ఎప్పుడూ లేవలేదు.

హాల్యా మొహం పాలిపోయింది. స్టీరింగు మీద చేతులు అలాగే ఉన్నాయి.

"ఏమైంది?" అన్నాడు అన్సెల్మో.

"ప్లగ్గు... ఎవరు పెట్టారు?"

"నేనే. ఐదున్నరకి వచ్చి చూస్తే ఊడిపోయి మంచులో పడుంది. అదృష్టం బాగుండి చూశాను. లేకపోతే విమానం తప్పేది."

ఆమె నవ్విందో ఏడ్చిందో అతనికి అర్థం కాలేదు. తల స్టీరింగు మీద వాల్చేసింది. హారన్ మోగింది. ఉలిక్కిపడి లేచింది.

"అది ఊడిపోలేదు, సెల్మో."

"మరి?"

"నేను పీకాను."

హీటరు వేడికి అద్దం మీది మంచు నడిమధ్యలో నాణెమంత మేర కరిగింది.

"చెత్త పడెయ్యడానికి వెళ్ళినప్పుడు," అంది ఆమె అద్దం వైపే చూస్తూ. "కారు లేవకపోతే నువ్వు ఆగిపోతావని. జనవరి దాకా. టాక్సీ ఒకటి ఉందన్న సంగతి కూడా తట్టలేదు నాకు. ఇరవై రెండేళ్ళొచ్చాయి, బుద్ధి రాలేదు. పొద్దున నాలుగింటికి మళ్ళీ పెట్టేద్దామని లేచాను. మెట్ల దాకా వచ్చాను. పెట్టబుద్ధి కాలేదు. వెళ్ళి పడుకున్నాను."

"హాల్యా..."

"నువ్వేమో ఐదున్నరకి లేచి పెట్టావు! నిన్నెవరు పెట్టమన్నారు? చివరిరోజు కూడా నిద్రపోలేవా?"

"ఏడాదిగా అలవాటు."

"పరీక్ష పోయినందుకు ఏడాది బాధపడతారా ఎవరైనా?"

"పరీక్ష గురించి ఫిబ్రవరిలోనే మరిచిపోయాను," అన్నాడు అన్సెల్మో. "నీకు డెబ్భై తొమ్మిది వచ్చిన రోజే."

ఆమె మెల్లగా అతని వైపు తిరిగింది.

"మరి చెప్పవేం?"

"నీకు రూలుంది కదా!"

"రూలు పెట్టింది నేను. నువ్వెందుకు పాటించావు?"

"నువ్వు రాసుకోమన్నావు, రాసుకున్నాను. నీ పరీక్ష పోగొట్టాను, నీ తాత పెరోగీలు కరిగించాను. నీ మాట ఒక్కటైనా నిలబెడదామనుకున్నాను."

హాల్యా కళ్ళు తుడుచుకుంది. ఈసారి సగం దూరంలో ఆగలేదు అతని చెయ్యి. ఆమె చెంప మీద మిగిలిన తడిని తుడిచి, అక్కడే ఉండిపోయింది.

"వెళ్ళాలి నేను," అన్నాడు. "చదువు పూర్తి చెయ్యాలి. అమ్మ ఎదురుచూస్తోంది."

"తెలుసు. ఆగమని అనడం లేదు. ఊరికే వెళ్ళిపోతావేమోనని భయం వేసింది. ఏమీ చెప్పకుండా."

"చెప్తున్నాను. నువ్వంటే నాకు ప్రాణం. జనవరిలో ఆ టోపీ నా మొహాన కొట్టావు చూడు, అప్పటి నుంచే."

"నాకు మార్చి నుంచి," అంది ఆమె. "అడుగుల గుర్తులు చూసినప్పటి నుంచి. నేను ఆలస్యం. పరీక్షకైనా అంతే కదా."

కిటికీ అద్దం మీద టకటకా చప్పుడు. ఇద్దరూ అదిరిపడ్డారు. స్తెఫాన్ తాత! రాత్రి దుస్తుల మీద కోటు వేసుకుని, చేతిలో గుడ్డతో చుట్టిన డబ్బాతో నిలబడి ఉన్నాడు. హాల్యా అద్దం దించింది.

"మాట్లాడుకోవడం అయిందా?" అన్నాడు తాత.

"తాతా, నీకు..."

"నాకు నిద్ర తక్కువ. రాత్రి ఒకరు వచ్చి పీకారు. తెల్లవారుజామున ఒకరు వచ్చి పెట్టారు. నేను కిటికీలోంచి రెండూ చూశాను. ఇందులో నేను చెయ్యి పెడితే పాడవుతుందని వెళ్ళి పడుకున్నాను." డబ్బా అన్సెల్మో ఒళ్ళో పెట్టాడు. "పెరోగీలు. మీ అమ్మకి. కరిగినా పరవాలేదని చెప్పు. ఇక పదండి, విమానం నా మాట వినదు."

అన్సెల్మో డబ్బా పట్టుకుని, "దొన్ స్తెఫాన్, నేను మీ మనవరాలిని..." అని మొదలుపెట్టాడు.

"తెలుసులే," అన్నాడు తాత. "అద్దం ఎత్తండి. వెచ్చదనం పోతోంది."

*

ఆ తర్వాతి ఆగస్టులో ప్రయాణం హాల్యాది. మెరిదాలో పశువైద్య కళాశాలలో నాలుగు నెలల చదువు. తారీఖు ఆమె టికెట్టు మీద కూడా అచ్చయి ఉంది. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం ఫోన్‌లో నేర్చుకున్న స్పానిష్ నోట్లో ఉంది గానీ, దోన్యా రెమెదియోస్ ఎదురుపడగానే సగం ఎగిరిపోయింది.

దోన్యా రెమెదియోస్ అన్నం బాగానే పెట్టింది. ఊయల మంచం వేసింది. కానీ మాట పొదుపు.

"నాలుగు నెలలేనా?" అంది రెండోరోజు, మిరపకాయలు కాలుస్తూ.

"అవునమ్మా. డిసెంబరు దాకా."

"ఊ."

ఆ 'ఊ' హాల్యాకు అర్థమైంది. అది తన రూలే. ఇంకొకరి నోట వినడం ఇదే మొదటిసారి.

"మీ అమ్మకి నేను నచ్చలేదు," అంది అన్సెల్మోతో.

"నువ్వు వెళ్ళిపోతావని భయం ఆవిడకి. నేను ఈ ఎనిమిది నెలలు ఎలా తిరిగానో చూసింది కదా. ప్లగ్గు కనబడితే చాలు, సస్కటూన్ వైపు చూసేవాణ్ణట."

మూడోవారంలో ఒక మధ్యాహ్నం దోన్యా రెమెదియోస్ పక్కవీధిలో చుట్టాల ఇంటికి వెళ్ళింది. అన్సెల్మో కాలేజీలో ఉన్నాడు. హాల్యా ఒక్కతే కూర్చుని చదువుకుంటోంది. నాలుగింటికి గాలి ఆగిపోయింది. కోళ్ళు చెట్టెక్కాయి. మొదటి ఉరుము ఇంటి కప్పును ఊపింది.

అతను చెప్పిన వాన నిజమే. తలుపు తట్టలేదు. తోసుకుని వచ్చింది.

దోన్యా రెమెదియోస్ శాలువా నెత్తిన కప్పుకుని, వీధి నీళ్ళలో పరుగెత్తుకొచ్చింది. కొత్త ఫ్రిజ్, మేనెలలో కొన్నది. తలుపు తోసుకుని లోపలికి వచ్చి ఆగిపోయింది.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్రిజ్ చప్పుడు లేదు. టీవీ వైరు చుట్టి టీవీ మీదే పెట్టి ఉంది. బట్టలుతికే మిషను వైరు చుట్టి ఉంది. టేబుల్ ఫ్యానుదీ అంతే. రేడియో వైరు గోడమేకుకు తగిలించి ఉంది. హాలు మధ్యలో ఆ తెల్లటి పిల్ల మిక్సీ వైరు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

"అన్నీ పీకేశానమ్మా," అంది హాల్యా విరిగిన స్పానిష్‌లో. "ఫ్రిజ్‌లో ఐస్ కరుగుతుంది. కరిగితే కరిగింది."

దోన్యా రెమెదియోస్ ఒక్కొక్క వైరునూ చూసింది. శాలువా నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. ఉరిమింది కదా."

"మళ్ళీ ఇవన్నీ పెట్టేదెవరు?"

"అన్సెల్మో. మా ఇంట్లో పీకడం నా పని, పెట్టడం అతని పని."

అనేశాక 'మా ఇంట్లో' అన్న మాట చెవిన పడి హాల్యా మొహం ఎర్రబడింది. దోన్యా రెమెదియోస్ తలుపు వెనక్కి వెళ్ళి, కొక్కెం నుంచి ఒక తాళంచెవి తీసి, తడిచేతిని గౌనుకు తుడుచుకుని ఆమె అరచేతిలో పెట్టింది.

"డిసెంబరులో మీకు తిరిగి ఇచ్చెయ్యాలా?" అడిగింది హాల్యా.

"నేను అడిగానా?"

"లేదు."

"మరి మాట్లాడకు. ఇచ్చిన తాళంచెవి వెనక్కి పుచ్చుకోవడం ఈ ఇంట్లో లేదు." ఆవిడ వంటింటి వైపు తిరిగింది. "మీ తాత చేసే ఆ ఆలుగడ్డ పిండివంట నీకు వచ్చా?"

"వచ్చమ్మా."

"నేర్పు. మావాడు వచ్చినప్పటి నుంచీ ప్రాణం తీస్తున్నాడు."

అంతలో అన్సెల్మో వచ్చాడు, బూట్ల నిండా నీళ్ళతో. వీళ్ళిద్దరినీ చూశాడు. చుట్టి పెట్టిన వైర్లు చూశాడు. హాల్యా గుప్పిట్లో తాళంచెవి చూడలేదు. అలవాటు కొద్దీ నేరుగా వెళ్ళి, ఫ్రిజ్ ప్లగ్గు అందుకుని గోడ దగ్గరికి వంగాడు.

"ఆగు!" అని ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే అరిచారు. "ఇంకా ఉరుముతోంది!"